రెండు కళ్ళ కెమెరా: మన స్టూడియోవాళ్ళు ఏ లెన్స్ కొన్నారు, ఎందుకు కొన్నారు?

బత్తలపల్లె నుంచి ఇంకో ఎపిసోడ్. ఈసారి టాపిక్ నేను ఎంచుకున్నది కాదు. ధర్మవరం తట్టు నుంచి ఒకాయన మెసేజ్ పెట్టారు. వాళ్ళ తాతగారు స్టూడియోలో వాడిన యాషికా-డి కెమెరా ఇంట్లో ఉందంట. షట్టర్ పడటం లేదు, లెన్స్ లోపల మసక. బెంగళూరులో ఒక కేఫ్‌వాళ్ళు షోపీసుగా పెట్టుకుంటామని అడుగుతున్నారంట. "అన్నా, దీన్ని ఇచ్చేసి, ఇంకొంచెం డబ్బులేసి మంచి రోలీఫ్లెక్స్ తీసుకోవాలా? లేక దీన్నే బాగుచేయించాలా?" అని ప్రశ్న.

జవాబు ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ ఆ మాట ఎందుకు చెప్తున్నానో అర్థం కావాలంటే, ఈ కెమెరాలకు రకరకాల లెన్సులు ఎట్లా వచ్చాయి, అందులో మన దాకా ఏవి వచ్చాయి అనే కథ తెలియాలి. ఆ కథలో మన ఎండకూ భాగం ఉంది.

తెలియనివాళ్ళ కోసం ముందు రెండు మాటలు. ఇది నిలువుగా ఉండే పెట్టె. ముందువైపు ఒకదాని కింద ఒకటి రెండు లెన్సులుంటాయి. పైది చూడటానికి, కిందిది తీయడానికి. పై లెన్స్ నుంచి వచ్చే వెలుగు లోపల ఏటవాలుగా పెట్టిన అద్దానికి తగిలి, పైనున్న గరుకు గాజు మీద బొమ్మగా పడుతుంది. ఫోటోగ్రాఫర్ కెమెరాను పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి ఆ గాజులోకి చూస్తాడు. బొమ్మ కుడిఎడమలు తారుమారుగా ఉంటుంది, కొత్తవాళ్ళకు తల తిరిగిపోతుంది. ట్విన్ లెన్స్ రిఫ్లెక్స్, పొట్టిగా టీఎల్ఆర్ అంటారు. నాకు మాత్రం రెండు కళ్ళ కెమెరా అనడమే ఇష్టం.

ఆ తల వంచడం గురించి ఒక మాట. కెమెరాను కంటికి ఆనించి మీ మీదికి గురిపెట్టిన మనిషి వేరు, మీ ముందు తల వంచి నిలబడిన మనిషి వేరు. పాత ఫోటోల్లో మన అవ్వలు అంత నిబ్బరంగా కూర్చుని ఉంటారు చూడండి, అందుకు ఇది కూడా ఒక కారణమని నా అనుమానం. పైగా కెమెరా పొట్ట ఎత్తులో ఉంటుంది కాబట్టి, కుర్చీలో కూర్చున్న మనిషిని పైనుంచి చిన్నగా చేసి చూపించదు.

సరే, కథలోకి వద్దాం. జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ అనే ఊరు. 1920లో పౌల్ ఫ్రాంకె, రైన్‌హోల్డ్ హైడెకె అనే ఇద్దరు కలిసి కంపెనీ పెట్టారు. మొదట వాళ్ళు చేసింది స్టీరియో కెమెరాలు. పక్కపక్కన మూడు లెన్సులు, అటూఇటూ ఉన్నవి తీయడానికి, మధ్యలోది చూడటానికి. ఆ పెట్టెలో ఒక పక్క లెన్స్ తీసేసి, మిగిలిన రెండింటినీ నిలువుగా నిలబెట్టినట్టు ఊహించుకోండి. 1929లో వచ్చిన రోలీఫ్లెక్స్ దాదాపు అదే. రెండు లెన్సుల కెమెరాలు అంతకుముందు 19వ శతాబ్దంలోనే ఉన్నాయి గానీ, అవి మోయలేనంత పెద్దవి. రోల్ ఫిల్ముతో, ఒక చేతిలో ఇమిడేట్టు చేసింది వీళ్ళు.

రోలీఫ్లెక్స్‌కు పెట్టింది జైస్ కంపెనీ టెస్సార్ లెన్స్. ఖరీదెక్కువ. అందరూ కొనలేరని 1933లో రోలీకార్డ్ అని చవక మోడల్ తెచ్చారు. దానికి ట్రయోటార్ అనే లెన్స్ ఇచ్చారు. లెన్సుల్లో పెద్దింటివి, చిన్నింటివి అనే తేడా ఈ కెమెరాల్లో అట్లా స్థిరపడిపోయింది. ఇప్పటికీ ఆన్‌లైన్‌లో ధరలు ఆ వరసలోనే నడుస్తున్నాయి. కానీ ఆ తేడా ఎంత, ఎక్కడ కనిపిస్తుంది అని అడిగేవాళ్ళు తక్కువ. అందుకే ఇక్కడ కొంచెం ఆగుదాం.

ట్రయోటార్ అనేది ట్రిప్లెట్. మూడే గాజులు. 1893లో ఇంగ్లండులోని యార్క్‌లో, టెలిస్కోపులు చేసే కుక్ కంపెనీలో పనిచేసిన డెన్నిస్ టేలర్ పేటెంట్ చేసిన డిజైన్. ముందు ఒక ఉబ్బు గాజు, మధ్యలో ఒక లోతు గాజు, వెనక ఇంకో ఉబ్బు గాజు. మూడింటి మధ్య ఖాళీ గాలే. నాకు బీటెక్ ఫిజిక్స్‌లో లెన్స్ అంటే ఒక గీత, రెండు బాణాలు, అయిపోయింది. మూడు ముక్కల గాజుతో అన్ని తప్పుల్నీ ఒకేసారి అదుపులో పెట్టొచ్చని టేలర్ కాగితం మీద లెక్కగట్టి తేల్చడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

టెస్సార్ 1902లో జైస్ వాళ్ళది, పౌల్ రుడాల్ఫ్ డిజైన్. చూడటానికి ట్రిప్లెట్ లాగే ఉంటుంది. కానీ వెనక గాజు ఒకటి కాదు, రెండు గాజుల్ని జిగురుతో అతికించిన జోడీ. మొత్తం నాలుగు గాజులు. ఈ జోడీ వల్ల అంచుల్లో కూడా బొమ్మ పదునుగా వస్తుంది. లెన్స్ పూర్తిగా తెరిచి తీసినప్పుడు ట్రిప్లెట్ ఫోటో మధ్యలో బాగుండి మూలల్లో మెత్తబడుతుంది, కొన్నిసార్లు వెనకాల చెట్లు సుడి తిరిగినట్టు కనిపిస్తాయి. టెస్సార్‌లో అది చాలా తక్కువ. రంధ్రాన్ని ఎఫ్/8, ఎఫ్/11 దాకా మూసేస్తే మాత్రం మామూలు సైజు ప్రింట్ చూసి ఏది ఏ లెన్సో చెప్పడం చాలా కష్టం.

ఆ "జిగురు" అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జైస్ కంపెనీ దేశంతో పాటు రెండు ముక్కలైంది. జేనా ఫ్యాక్టరీ సోవియట్ భాగంలో, ఓబర్‌కోఖన్‌లో కొత్తది పశ్చిమ జర్మనీలో. రోలీవాళ్ళకు లెన్సులు సరిగా అందక, ష్నైడర్ కంపెనీ జెనార్ లెన్సులు కూడా వాడారు. తర్వాత 1950లలో ప్లానార్, జెనోటార్ అని ఐదు గాజుల లెన్సులు వచ్చాయి. ఇప్పుడు లక్షల్లో ధర చెప్పేది ఇవే. జైస్ పేరు లేదు కాబట్టి జెనోటార్ తక్కువ అనుకునేవాళ్ళు ఉన్నారు. నన్నడిగితే ఆ రెండింట్లో ఏది శుభ్రంగా ఉంటే అదే మంచిది.

అదే సమయంలో జపాన్‌లో ఈ కెమెరాల తిరునాళ్ళ జరుగుతోంది. ఇంగ్లీషు అక్షరాల్లో దాదాపు ప్రతి అక్షరానికీ ఒక బ్రాండ్ ఉండేదని చెప్పుకుంటారు. 1950లో రికోఫ్లెక్స్ చవగ్గా అమ్మి మార్కెట్‌ను ఊపేసింది. 1953 ప్రాంతంలో నగానో వైపు నుంచి యాషిమా అనే చిన్న కంపెనీ దిగింది. తర్వాత యాషికా అయింది వీళ్ళే. 1957లో యాషికా-మ్యాట్, 1958లో యాషికా-డి, 1970 ప్రాంతంలో మ్యాట్-124జీ. ఆ "జీ" అంటే గోల్డ్, లోపలి కరెంటు కాంటాక్టులకు బంగారు పూత. ఈ 124జీ 1980ల మధ్య దాకా తయారవుతూనే ఉంది. మీ ఇంట్లో జపాన్ కెమెరా ఉంటే దాని మీద అండాకారంలో బంగారు రంగు స్టిక్కర్, "పాస్డ్" అని రాసి ఉందేమో చూడండి. నాసిరకం మాల్ అన్న పేరు పోగొట్టుకోవడానికి 1954లో జపాన్‌వాళ్ళు ఎగుమతి కెమెరాల తనిఖీ సంస్థ పెట్టుకున్నారు. ఆ స్టిక్కర్ వాళ్ళదే.

యాషికాలో కూడా పెద్దింటి, చిన్నింటి తేడా ఉంది. యాషికోర్ అని రాసుంటే మూడు గాజుల ట్రిప్లెట్. యాషినాన్ అని రాసుంటే నాలుగు గాజుల టెస్సార్ రకం. రెండూ 80 మిల్లీమీటర్లు, ఎఫ్/3.5. యాషికా-డి మొదట యాషికోర్‌తో వచ్చింది, చివరి రోజుల్లో యాషినాన్ పెట్టారు. కాబట్టి మోడల్ పేరు చూసి కొనొద్దు, కింది లెన్స్ చుట్టూ రాసిన పేరు చదవండి.

ఇక మన దేశం. 1957-58లో విదేశీ మారక ద్రవ్యానికి కటకట వచ్చింది, దిగుమతుల మీద పట్టు బిగిసింది. కెమెరా కొనడమంటే షాపుకు పోయి తెచ్చుకునే పని కాదు. లైసెన్సు మీద వచ్చిన కొద్ది మాల్, విదేశాల నుంచి వచ్చేవాళ్ళ సామాను, ఎవరో వాడి అమ్మినవి, 1969 తర్వాత మద్రాసులో బర్మా బజార్. ఇవీ దార్లు. ఫిల్ము సంగతి ఇంకోటి. ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ 1960లో మొదలై, 1967 నుంచి ఉత్పత్తి చేసింది. ఇందు అనే బ్రాండ్ గుర్తుందా? మీకు గుర్తు లేకపోతే మీ నాన్నకు గుర్తుంటుంది.

ఇప్పుడు ఒక చిన్న టౌన్ స్టూడియో ఆయన జాగాలో నిలబడి ఆలోచించండి. ఆయనకు కావాల్సింది ఏంది? హాల్ టికెట్ ఫోటో, పెళ్ళిచూపుల ఫోటో, ఫ్యామిలీ గ్రూపు. 120 ఫిల్ము ఒక రోలుకు 12 ఫోటోలు. నెగటివ్ కొలత 56 మిల్లీమీటర్లు బై 56. చిన్న 35 ఎంఎం నెగటివ్‌కు మూడున్నర రెట్లు పైనే. అంత పెద్ద నెగటివ్ ఎందుకంటే, దాని మీద టచింగ్ చెయ్యొచ్చు. సన్నగా చెక్కిన పెన్సిల్‌తో నెగటివ్ మీదే మొహంలో గుంటలు పూడ్చేవాళ్ళు. మశూచి మచ్చలున్న అమ్మాయి పెళ్ళిచూపుల ఫోటో ఆ పెన్సిల్ మొన మీద ఆధారపడేది. ఫోటోషాప్‌ను మనం కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడతాం గానీ, ఇదంతా గింజంత జాగాలో భూతద్దం పెట్టుకుని చేతితో చేసిన పని. 35 ఎంఎం వచ్చాక కూడా స్టూడియోలు చాలాకాలం ఈ పెట్టెల్ని వదలకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఈ పనికి ప్లానార్ కావాలా? మనిషి ఫ్రేము మధ్యలో ఉంటాడు. మూలల్లో ఉండేది తెర, పూలకుండీ. ట్రిప్లెట్ మూలల్లో మెత్తబడితే ఎవరికి నష్టం? మొహం చుట్టూ కొంచెం మెత్తగా ఉంటే కస్టమర్‌కు నచ్చుతుంది కూడా.

బయట తీసినా అంతే. మన అనంతపురం పీఠభూమి సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేదు. మిగతా రోజులంతా ఎండే. 100 స్పీడు ఫిల్ము వేస్తే మా బత్తలపల్లె మిట్టమధ్యాహ్నం ఎఫ్/11, సెకనులో 250వ వంతు. మీటర్ కూడా అవసరం లేదు. అంటే లెన్స్‌ను పూర్తిగా తెరిచే అవకాశం మనకు ఇక్కడ పగలు దాదాపు రాదు. ఎఫ్/2.8 కోసం పెట్టే అదనపు డబ్బు ఎఫ్/11లో ఫోటో తీయడానికి పెడుతున్నామన్నమాట. చీకటి స్టూడియోల్లో, యూరప్ మబ్బుల్లో దానికి విలువ ఉంది, కాదనను.

ఇప్పుడు జిగురు దగ్గరికి వద్దాం. పాత లెన్సుల్లో గాజుల జోడీని అతికించింది కెనడా బాల్సం అనే చెట్టు బంకతో. ఉత్తర అమెరికాలో దొరికే ఒక రకం చెట్టు. దశాబ్దాలు గడిచే కొద్దీ, వేడి తగిలే కొద్దీ ఆ బంక పసుపెక్కుతుంది, అంచుల నుంచి విడిపోతుంది. వెలుగులో పెట్టి చూస్తే లోపల ఇంద్రధనుస్సు రంగులో, చెట్టు కొమ్మల్లాంటి మచ్చో కనిపిస్తుంది. తర్వాతి కాలంలో సింథటిక్ జిగుర్లు వచ్చాయి, అవి కూడా విడిపోతాయి. ఖరీదైన ప్లానార్లకు ఈ జబ్బు బాగా పేరుమోసింది. జోడీని విడదీసి, కడిగి, నడిమధ్యకు సరిచేసి మళ్ళీ అతికించడం టౌన్ మెకానిక్ పని కాదు, ప్రయోగశాల పని.

ట్రిప్లెట్‌లో అసలు జిగురే లేదు. మూడు గాజులు, విడివిడిగా. ఫంగస్ వచ్చినా, మసక పట్టినా ఒక్కొక్కటి బయటికి తీసి, రెండు వైపులా తుడిచి, అదే వరసలో, అదే మలుపు దాకా బిగించొచ్చు. వాచీలు బాగుచేసే చెయ్యి ఉంటే చాలు. చవకదని పక్కన పెట్టిన లెన్సే మన ఎండల్లో, మన మెకానిక్కుల చేతుల్లో ఎక్కువకాలం బతకగలిగే లెన్స్. మన స్టూడియోవాళ్ళు డబ్బుల్లేక యాషికా కొన్నారు అని తేలిగ్గా అనేస్తాం. డబ్బు సంగతి నిజమే. కానీ పాడైతే ఊళ్ళో బాగయ్యేది కొనడం కూడా ఒక తెలివే.

కెమెరా శరీరం విషయంలోనూ ఇంతే. యాషికా-డిలో ఫిల్ము తిప్పడానికి గుండ్రటి నాబ్, షట్టర్ ఎక్కించడానికి వేరే మీట. మ్యాట్ మోడళ్ళలో ఒక్క క్రాంకు తిప్పితే రెండూ అవుతాయి. సుఖమే, కానీ లోపల పళ్ళచక్రాలు ఎక్కువ, విరిగేవీ ఎక్కువ. మినోల్టా ఆటోకార్డ్ లెన్స్ అద్భుతం, కానీ దాని ఫోకస్ మీట పెళుసు లోహం. గ్రీజు గట్టిపడ్డాక బలవంతంగా తోస్తే పుటుక్కుమంటుంది. లెన్సులు మార్చుకునే సదుపాయం కావాలంటే మామియా సీ వరస ఒకటుంది, 55 నుంచి 250 మిల్లీమీటర్ల దాకా జంట లెన్సులు. ప్రతి జంటకూ తన షట్టర్ తనకే. అంటే నాలుగు జంటలు కొంటే బాగుచేయించాల్సిన షట్టర్లు నాలుగు. బరువు సంగతి మోసేవాళ్ళను అడగండి.

ఇప్పుడు రిపేర్లు. షట్టర్ పడటం లేదంటే పదిలో తొమ్మిదిసార్లు ఏదీ విరగలేదు, నూనె గట్టిపడింది, అంతే. పాత రోజుల్లో ఎవరో కుట్టు మిషన్ నూనె చుక్క వేసి ఉంటారు. అది వేడికి పలచబడి, పాకి, షట్టర్ రేకుల మీదికి చేరి, దుమ్ముతో కలిసి బంకైపోతుంది. ఆ రేకులు పొడిగా ఉండాలి, నూనె అసలు తగలకూడదు. మందు వైట్ పెట్రోల్ లేదా లైటర్ ద్రవం. కానీ వీడియోల్లో చూపించినట్టు ముందునుంచి పోసేయకండి. కరిగిన జిడ్డంతా గాజు మీదికి పోతుంది. ముందూ వెనకా గాజుల గుంపుల్ని తీసేశాకే షట్టర్‌ను కడగాలి. పాత రిపేర్లు విప్పడం కామెంట్లు రాయని కోడ్ చదివినట్టు ఉంటుంది. ఎవరో ఏదో చేశారు, ఎందుకు చేశారో మీరే ఊహించుకోవాలి. అందుకే ప్రతి స్క్రూ తీసేముందు ఫోన్‌లో ఫోటో తీయండి.

రెండోది అద్దం. గరుకు గాజు మీద బొమ్మ మసగ్గా ఉందంటే లెన్స్‌ను తిట్టకండి, ముందు అద్దం చూడండి. ఈ కెమెరాల్లో అద్దానికి పూత పైవైపే ఉంటుంది, గుడ్డతో గట్టిగా తుడిస్తే ఊడిపోతుంది. అట్లా పోయినప్పుడు కొందరు మామూలు మొహం చూసుకునే అద్దం ముక్క కోసి పెట్టేస్తారు. దానికి పూత వెనక ఉంటుంది. గాజు మందం మేరకు వెలుగు దారి మారుతుంది, రెండు బొమ్మలు కనిపిస్తాయి, ఫోకస్ తప్పుతుంది. మీకు గాజులో పదునుగా ఉంటుంది, ఫిల్ము మీద ఉండదు. పాడైపోయిన స్కానర్లలో, జిరాక్స్ మిషన్లలో పైపూత అద్దాలుంటాయి. అదే మందం చూసి కోయించుకుంటే సరిపోతుంది.

మూడోది రెండు కళ్ళూ ఒకేచోట చూస్తున్నాయా లేదా అన్నది. కెమెరా కిందపడి ముందు పలక వంగితే పై లెన్స్ ఒక మాట, కింది లెన్స్ ఇంకో మాట చెప్తాయి. పరీక్ష సులభం. వెనక తలుపు తెరిచి, ఫిల్ము ఉండే చోట ఒక గరుకు గాజు ముక్క పెట్టండి. షట్టర్‌ను బీ మీద పెట్టి తెరిచి ఉంచండి. రాత్రిపూట దూరంగా ఉన్న సెల్ టవర్ మీది ఎర్ర లైటును చూడండి. పైనా వెనకా రెండు చోట్లా ఒకేసారి చుక్కలా పదునెక్కాలి. ఎక్కకపోతే మెకానిక్‌కు చెప్పాల్సిన మొదటి మాట అదే.

ఫంగస్ మా తట్టు తక్కువ, గాలి పొడి కాబట్టి. కోస్తా నుంచి కొంటే జాగ్రత్త. కానీ ఇక్కడ కూడా తోలు కేసులో పెట్టి బీరువాలో దాచినదానికి పట్టేస్తుంది, తోలు తేమను పట్టుకుంటుంది. మనకు అసలు శత్రువు దుమ్ము. దుమ్మున్న లెన్స్‌ను పంచె కొంగుతో తుడిస్తే గాజు మీద సన్నటి గీతలు పడతాయి. ఎదురెండలో ఫోటో తెల్లబారేది అందుకే. ముందు ఊదండి, తర్వాత తుడవండి, ముందుకు ఒక హుడ్ తగిలించండి. 124జీ కొంటే మీటర్‌ను నమ్మొద్దు. అది 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి చేసింది, ఆ బ్యాటరీలు ఇప్పుడు రావు. 1.5 వోల్టులది వేస్తే లెక్క తప్పుతుంది. ఇంకో రెండు విషయాలు: షట్టర్ ఎక్కించాక వేగాన్ని 500కు మార్చొద్దు, ముందే పెట్టుకోండి. "వి" అని రాసున్న సెల్ఫ్ టైమర్‌ను అసలు ముట్టుకోవద్దు, పాత కెమెరాల్లో అది మధ్యలో ఆగితే షట్టర్ మొత్తం బిగుసుకుపోతుంది.

మరి ధర్మవరం ఆయనకు ఏం చెప్పాలి? బ్రదర్, అమ్మొద్దు. మీరు చెప్పిన రెండు జబ్బులూ నయమయ్యేవే. కింది లెన్స్ మీద యాషికోర్ అని ఉంటే ఇంకా మంచిది, విప్పి కడిగితే చాలు. యాషినాన్ అయితే వెనక జోడీని టార్చి వెలుగులో ఒకసారి చూడండి. మీరు కొనాలనుకునే రోలీఫ్లెక్స్ కూడా యాభై అరవై ఏళ్ళదే, దానికీ ఇదే సర్వీసింగ్ కావాలి, విడిభాగాలకు పదింతలు ఖర్చు. ఇంకో సంగతి. ఈ కెమెరాలకు కొత్త విడిభాగాలు ఎవరూ చేయడం లేదు. ఒకదాని స్ప్రింగ్ ఇంకోదానికి వెయ్యాల్సిందే. కేఫ్ గోడకు మేకు కొట్టి తగిలించిన ప్రతి యాషికా, ఎక్కడో ఆగిపోయిన ఇంకో యాషికాకు దొరక్కుండా పోయిన స్ప్రింగ్.

బాగయ్యాక మొదటి రోల్‌లో అన్నీ ఎండలో తీయకండి. ఆరు ఎఫ్/11లో తీయండి, ఆరు ఎఫ్/3.5లో, నీడలో, మనిషిని మీటరున్నర దూరంలో కూర్చోబెట్టి. ఏ ఫ్రేము ఏ వేగమో పుస్తకంలో రాసుకోండి. తాతగారి నెగటివ్‌లు ఏవైనా మిగిలి ఉంటే, వాటిని మీ కొత్తవాటి పక్కన వెలుగుకు పెట్టి చూడండి. ఆ పాత డబ్బా తెరవగానే వెనిగర్ వాసన వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ముందు వాటిని స్కాన్ చేయించండి, కెమెరా రిపేరు తర్వాతైనా చేయించుకోవచ్చు.

ఉంటానండీ.